ఎవరి గోడ ఎవరికో

కామినో మాల్దొనాదో రోడ్డు మీద బస్సు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. డ్రైవరు దిగి ఇంజను మూత ఎత్తి చూసి, ఎత్తినంత నెమ్మదిగానే దించి, "దిగండమ్మా, దిగండి. ఆదివారం కదా, ఇది కూడా సెలవు పెట్టింది" అన్నాడు. సన్నగా జల్లు పడుతోంది. మొంతెవిదేయో నగరంలో దుకాణాల వరస అయిపోయి, టైర్లు బాగుచేసే షెడ్లూ తుప్పుపట్టిన కార్ల గుట్టలూ మొదలయ్యే చోటది. వెనక బస్సు వచ్చేదాకా ఆగుదామని జనం ఒక షెడ్డు చూరు కిందకి చేరారు. నిబియా బెంతన్‌కోర్ ఒక్కతే తలగుడ్డ బిగించి కట్టుకుని, వేడినీళ్ల ఫ్లాస్కు చంకలో ఇరికించుకుని నడక మొదలెట్టింది. తనలాంటివాళ్లంతా కలిసి ఏళ్ల తరబడి సొంత చేతులతో కట్టుకున్న ఇళ్లకి ఇవాళ చీట్లు తీస్తున్నారు. ఎవరి ఇల్లు ఏదో ఇవాళ తేలుతుంది.

"ఒసే బక్కా! ఎవరైనా తరుముతున్నారా, ఆ పరుగేమిటే?"

తిరిగి చూడకముందే నిబియా ఆ గొంతు గుర్తుపట్టింది. అలా పిలిచే మనిషి ఊరంతటికీ ఒక్కతే. సెల్వా తెచేరా రెండు చేతుల్లోనూ ఉన్ని టోపీల సంచులు మోస్తూ, బుగ్గలు ఎర్రబడి, ఆయాసపడుతూ వస్తోంది. ఒకప్పుడు ఇద్దరూ ఒకే సహకార సంఘంలో ఉండేవాళ్లు. ఒకే బొచ్చెలో సిమెంటు కలిపారు. సెల్వా సంఘం వదిలి వెళ్లిపోయి చాలా ఏళ్లయింది. ఆ తర్వాత ఇద్దరూ ఎక్కడా ఎదురుపడలేదు.

"సంతకి బయల్దేరాను," అంది సెల్వా, తడి చెంప ఆనించి ముద్దుపెడుతూ. "వానలో టోపీలు ఎవడు కొంటాడనేగా? తడిసినవాడే కొంటాడు. నువ్వెటు? ఇంకా ఆ ఇటుకల దగ్గరికేనా?"

"ఇంకా అక్కడికే."

"దేవుడా! అయిపోలేదా అవి?"

"అయిపోయాయి. ఇవాళ చీట్లు."

సెల్వా సంచులు చేతులు మార్చుకుంది. "అయితే పద, సగం దాకా వస్తాను. బస్సు ఎక్కడ ఎక్కితేనేం," అంది.

నిబియా గురించి చెప్పాలంటే గదుల గురించి చెప్పాలి. త్రెయింతా ఈ త్రెస్ జిల్లా వైపు ఒక పశువుల ఎస్టేటులో వాళ్లమ్మ ఔరేలియా వంటమనిషి. వంటమనుషులకి వంటింటి వెనకాల మంచం వేస్తారు. నిబియా పుట్టింది ఆ మంచం మీదే. ఆ వంశంలో ఎవరికీ ఇల్లంటూ లేదు, పడుకునే చోటుండేది. పట్నం వచ్చాక ఆ చోటు అద్దె గది అయింది. పాత ఊళ్లో ఎత్తైన కప్పులూ పాలరాతి మెట్లూ ఉన్న దొరల భవనాలుండేవి. దొరలు సముద్రం ఒడ్డుకి మారిపోయాక వాటిని చెక్క గోడలతో ముక్కలు చేసి, ముక్కకొక కుటుంబాన్ని పెట్టారు. కప్పు మీద ప్లాస్టర్ దేవకన్య బొమ్మ ఉంటే, తల ఒక గదిలోనూ కాళ్లు పక్క గదిలోనూ ఉండేవి. వంటిల్లు అందరికీ ఒక్కటే. యజమానురాలు రాత్రి భోజనాలవగానే దానికి తాళం వేసేది. ఆమెకి నచ్చినవాళ్లకి వీధివైపు గది, నచ్చనివాళ్లకి వెలుతురు రాని బావి గోడవైపు గది. నిబియా, వాళ్లమ్మా ఎక్కువకాలం బావి గోడవైపే బతికారు.

పద్ధతిగా ఒక ఇల్లు అద్దెకి తీసుకుందామంటే అక్కడ పూచీ కావాలి. ఇల్లున్నవాడు పూచీపడితేనే ఇల్లు లేనివాడికి ఇల్లిస్తారు. ఇల్లున్నవాళ్లెవరూ ఆస్పత్రి బట్టలు ఉతికే నిబియాకి చుట్టాలు కారు. ప్రభుత్వం ఈ బాధ చూడకపోలేదు. పూచీ మేమే పడతాం, అద్దె జీతంలోంచి ముందే కోసుకుంటాం అంది. ఎందరో బాగుపడ్డారు. కానీ అది జీతం స్థిరంగా ఉన్నవాళ్ల మాట. ఆస్పత్రి బట్టలేమో స్థిరంగానే మురికవుతాయి గానీ, ఉతికించే కాంట్రాక్టరు ఏటా మారేవాడు.

ఇక మిగిలింది సహకార సంఘం. నేల పురపాలక సంఘం ఇస్తుంది, అప్పు మంత్రిత్వశాఖ ఇస్తుంది, ఒళ్లు మాత్రం మనది. కుటుంబానికి వారానికి ఇన్ని గంటలని లెక్క. ఉద్యోగాలు ముగించుకుని, ఆదివారాలు మానుకుని, గుమాస్తాలూ దర్జీలూ బస్సు కండక్టర్లూ వచ్చి పునాదులు తవ్వుతారు. ప్రపంచంలో చాలాచోట్ల ప్రభుత్వాలు ఇళ్లు చవక చేస్తామని బయల్దేరాయి. ఊరికి అందనంత దూరంలో అగ్గిపెట్టెల్లా కట్టి జనాన్ని అందులో పడేసినవీ ఉన్నాయి, బొమ్మ వేసి బోర్డు పాతి అక్కడితో ఊరుకున్నవీ ఉన్నాయి. వాటితో పోలిస్తే ఇది మర్యాదైన ఏర్పాటే. కాకపోతే ధరలో తగ్గించినదాన్ని ఏ ప్రభుత్వమైనా ఏళ్లలో వసూలు చేసుకుంటుంది. నేల కోసం కొన్నేళ్లు, అప్పు మంజూరు కోసం కొన్నేళ్లు. మొదటి పునాది దగ్గర హెల్మెట్టు పెట్టుకుని ఫోటో దిగిన మంత్రి, కప్పు లేచేసరికి మాజీ అయ్యాడు. తర్వాతాయన వచ్చి, అప్పు లెక్కలు మళ్లీ చూడాలని ఒక చలికాలమంతా డబ్బు ఆపి, ఆనక వచ్చి అదే గోడ పక్కన అదే హెల్మెట్టుతో ఫోటో దిగాడు.

ఆ సంఘాలన్నిటికీ ఒక ఆచారం ఉంది. ఎవరి ఇల్లు ఏదో చివరిదాకా ఎవరికీ తెలియదు. అన్నీ పూర్తయ్యాకే చీట్లు. నువ్వు పేర్చిన గోడలో ఎవరుంటారో నీకు తెలియదు, నువ్వుండబోయే గోడ ఎవరు పేరుస్తున్నారో తెలియదు. అందుకని ఎవరి గోడా వంకరపోదు. కొత్తగా చేరినవాళ్లు నవ్వుతారు. రెండు శీతాకాలాలు పోయాక వాళ్లే తూకం గుండు వదిలి చూసి, పక్కవాడు పెట్టిన ఇటుక పీకి మళ్లీ పెడతారు. నిబియా ఆ ఆచారాన్ని మతంలా నమ్మింది. బావి గోడవైపు పెరిగిన మనిషికి, ఎవరి దయా అక్కర్లేని చీట్ల సంచీలోంచి ఇల్లు రావడం కంటే పెద్ద గౌరవం ఏముంటుంది!

పెట్రోలు బంకు రేకుల కింద ఇద్దరూ కాసేపు ఆగారు. నిబియా చిప్పలో మాతే తేయాకు సర్ది, ఫ్లాస్కులో వేడినీళ్లు పోసి అందించింది. సెల్వా గొట్టం నోట్లో పెట్టుకుని పీల్చి మొహం చిట్లించింది.

"చేదు చంపేస్తోంది. నువ్వేం మారలేదే."

"ఎక్కడుంటున్నారు ఇప్పుడు?"

"గవర్నమెంటు పూచీ మీద ఫ్లాటు దొరికింది. అద్దె మా ఆయన లీబెర్ పింఛనులోంచి ముందే కోసేస్తారు. అద్దె ఎగ్గొట్టి దాక్కునే సరదా కూడా లేకుండా పోయింది."

"ఎన్నో అంతస్తు?"

"రెండోది."

"లిఫ్టు ఉందా?"

"ఉంది. పనిచేయదని బోర్డు కూడా ఉంది. మొన్న ఓట్ల రోజు ఇద్దరు కుర్రాళ్లు మా ఆయన్ని కుర్చీతో సహా మోసుకొచ్చి, ఓటేయించి, మళ్లీ మోసుకెళ్లి పెట్టారు. ఓటేయకపోతే జరిమానా కదా. లేకపోతే ఆ మహానుభావుడికి వీధి మొహం ఎలా ఉంటుందో గుర్తుండేది కాదు. 'ఎన్నికలు రెండు నెలలకోసారి పెడితే బావుణ్ణు' అంటాడు."

నిబియా నవ్వబోయి ఆగిపోయింది.

సెల్వా సంఘం వదిలింది ఆ మనిషి వల్లే. మాంసం కర్మాగారంలో పట్టాల బండి కింద లీబెర్ కాలు నలిగింది. అప్పటికి గోడలు నడుం ఎత్తు లేచాయి. ఇళ్లలో సగం నేల మీదవి, సగం వాటి మీదవి. నేల మీద ఇల్లొకటి చీట్లు లేకుండా మాకివ్వండని సెల్వా సభలో అడిగింది. చాలామంది ఇచ్చేద్దామనే అనుకున్నారు. అప్పుడు నిబియా లేచింది. ఒక తలుపు మనం చేత్తో తీసి ఇచ్చామంటే ఆ తర్వాత చీట్లు ఉత్త నాటకం అంది. ఇవాళ కాలు, రేపు ఉబ్బసం, ఎల్లుండి అధ్యక్షుడి మేనల్లుడు అంది. మన ఇళ్లలో వీధివైపు గదులు ఉండకూడదనే కదా ఇన్ని ఆదివారాలు చచ్చాం అంది. ఆమె అంతసేపు మాట్లాడటం ఎవరూ ఎప్పుడూ వినలేదు. చేతులు ఎత్తమన్నప్పుడు ఎక్కువ చేతులు ఆమె వైపే లేచాయి. సెల్వా ఏడవలేదు, తిట్టలేదు. తన తాపీ కడిగి, తుడిచి, సామాన్ల గదిలో పెట్టి వెళ్లిపోయింది.

"మీ అమ్మ ఎలా ఉంది?" అంది సెల్వా, చిప్ప తిరిగిస్తూ. "దోన్యా ఔరేలియా చేసిన గుమ్మడికాయ జామ్ ఇంకా నాలిక మీదే ఉంది."

"బాగానే ఉంది," అంది నిబియా.

బాగా లేదు. రెండేళ్ల కిందట పక్షవాతం వచ్చి ఔరేలియాకి కుడివైపంతా పడిపోయింది. పాత భవనం పాలరాతి మెట్లపైన, చెక్క గోడల గదిలో, కిటికీ లేని వైపు మంచం మీద ఉంటోంది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలంటే వరండాలో మగవాళ్లని బతిమాలాలి. సంఘం అధ్యక్షుడు హేబెర్ ఒకరోజు ప్రత్యేకంగా గదికి వచ్చి చెప్పాడు: "నిబియా, నేల మీద ఇల్లు కావాలని ఒక్కమాట అడుగు. ఎవరూ కాదనరు." ఆమె అడగనంది. సెల్వా పేరు ఇద్దరూ ఎత్తలేదు. అప్పట్నించీ ఆమె ఒక్కటే లెక్క వేసుకుంటోంది. సగం ఇళ్లు నేల మీదవి. సగానికి సగం అవకాశం ఉంది. ఎవరినీ అడగక్కర్లేదు. ఆ సగం మీద తల ఆనించి రెండేళ్లుగా నిద్రపోతోంది.

వాన పెద్దదైంది. వెనక బస్సు జాడ లేదు. సెల్వా సంచుల మీద ప్లాస్టిక్ కప్పుతూ, "సంత పోయింది," అంది. "మీవాళ్లు నూనెలో తోర్తా ఫ్రీతా రొట్టెలు వేస్తుంటారు కదూ ఈ వానకి? ఒకటి తిని పోతాను. నన్ను చూసి పారిపోరుగా ఎవరూ?"

వద్దనడానికి నిబియాకి కారణం దొరకలేదు.

ఇళ్లు దూరం నుంచే కనిపించాయి. ఎర్ర ఇటుక, వరసలు వరసలు, వాన నీళ్లకి మెరుస్తున్నాయి. మధ్య ఖాళీలో టార్పాలిన్ కట్టి, దాని కింద బల్లలూ మనుషులూ ఒక పొయ్యీ. జనంలో సగం మంది జుట్టు ఈ ఇళ్లు లేచేలోపల తెల్లబడింది. సంతోషంగా ఉండాల్సిన రోజని అందరికీ తెలుసు. కొందరు ప్రయత్నం చేస్తున్నారు కూడా. గిటారు ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టారు గానీ ఎవరూ ముట్టుకోలేదు.

సెల్వాని చూసి పాతవాళ్లు ఒకరి తర్వాత ఒకరు వచ్చి చెంపకి ముద్దులు పెట్టారు. కొంచెం ఎక్కువ గట్టిగానే పెట్టారు. పొయ్యి దగ్గరున్న ఒల్గా మాత్రం మొహమాటపడలేదు.

"వచ్చావా దొంగమొహందానా! చీట్లకి నన్ను పిలుస్తున్నారు, ఈ నూనె చూస్తూ ఉండు. మాడ్చావంటే మళ్లీ వెళ్లగొడతాం."

చుట్టూ ఉన్నవాళ్లు సెల్వా వంక చూశారు. సెల్వా పకపక నవ్వి చేతులు పైకి మడుచుకుంది. "మీ పిండి చూస్తేనే తెలుస్తోంది, నేను పోయాక ఈ సంఘానికి వంట రాలేదని," అంటూ గరిటె అందుకుంది.

చీట్లంటే కాగితాలు కావు. చందాలకోసం తంబోలా ఆడించిన చెక్క బిళ్లలే ఒక గుడ్డ సంచిలో పోశారు. హేబెర్ సంచి పట్టుకున్నాడు. పెద్ద మనిషి, పెద్ద పొట్ట, ఇవాళ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. పేరు పిలిచినప్పుడల్లా ఒకరొచ్చి చేయి పెట్టి తీస్తున్నారు. ఒకావిడ బిళ్ల చూసి కూలబడి ఏడ్చింది. ఆవిడకొచ్చిన ఇల్లు మంచిదా చెడ్డదా అని అడిగితే ఆవిడకే తెలియదు. కండక్టరు విల్మార్‌కి నేల మీద ఇల్లొచ్చింది. "నేను గిలాబు చేసిన ఇల్లే! ఆ మూల గోడ తడి ఆరదని నాకు ముందే తెలుసు," అని తల బాదుకుంటుంటే అందరూ నవ్వారు.

నిబియా చేయి పెట్టింది. బిళ్ల తీసింది. హేబెర్ దాన్ని చదివి, ఆమె మొహం వంక చూసి, మళ్లీ బిళ్ల వంకే చూశాడు. పైకి చదివేటప్పుడు అతని గొంతు తగ్గింది. వెనక వరస, పై అంతస్తు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆమె వచ్చి తన కుర్చీలో కూర్చుంది. మిగతా పేర్లు అయిపోయేదాకా ఆమెకి పొయ్యి మీద నూనె చప్పుడు తప్ప ఏదీ వినపడలేదు. సంచి ఖాళీ అయింది. ముగించేముందు అడగడం ఆనవాయితీ కాబట్టి హేబెర్ అడిగాడు: "ఎవరికైనా ఏమైనా చెప్పేదుందా?" ఆనవాయితీ కంటే ఎక్కువసేపు ఆగాడు.

నిబియాకి మెట్లు కనిపించాయి. తనే కట్టిన మెట్లు. ఒక్కొక్క మెట్టు మీదా రసమట్టం పెట్టి చూసి మరీ కట్టింది. వాటి పైన కిటికీ దగ్గర అమ్మ కనిపించింది. కిందికి రావడానికి ఎన్నికల కోసం ఎదురుచూసే మనిషి కూడా, ఎందుకో, ఆ పక్కనే కనిపించాడు. అడగకుండా ఊరుకుంటే తను అన్న మాట మీద నిలబడ్డదన్న పేరు దక్కుతుంది. ఆ పేరుని అమ్మ మోయాలి, పైనుంచి కిందికి, కిందినుంచి పైకి.

లేచింది.

"నాకు కింద ఇల్లు కావాలి," అంది. "మా అమ్మ మెట్లు దిగలేదు."

అంతే అంది. వీపు వెనక నూనెలో పిండి పడే చప్పుడు ఆగింది.

విల్మార్ కూర్చున్నచోటి నుంచే బిళ్ల ఎత్తి చూపించాడు. "మాది తీసుకోవే అక్కా. మా పిల్లలకి మెట్లంటే ఇష్టం. పైగా ఆ తడి గోడ నాకు వదిలిపోతుంది."

"రూలు సంగతేంటి మరి?" అన్నారెవరో వెనకనించి. కోపంగా ఏమీ కాదు, అలవాటుగా.

"మనమే పెట్టాం, మనమే తీస్తాం," అన్నాడు హేబెర్. "చేతులెత్తండి."

చేతులన్నీ లేచాయి. వాదన లేదు, ప్రసంగం లేదు. కొందరు ఇంకో చేత్తో మాతే పీలుస్తూనే ఎత్తారు. ఆ చలికాలాలన్నిట్లో, ఆపిన అప్పుల్లో, మళ్లీ వచ్చిన ఫోటోల్లో, నియమం కోసం కొట్లాడే ఓపిక ఎక్కడో కరిగిపోయింది. ఎంత సులువుగా అయిపోయింది! సిమెంటు బస్తా కిందికి దించినంత సేపు కూడా పట్టలేదు. ఆ సులువే నిబియా భరించలేకపోయింది. సెల్వా అడిగినప్పుడు కూడా ఇంతే పట్టేదని, ఈ చేతులు ఇంతే తేలిగ్గా లేచేవని, ఇప్పుడు ఆ టార్పాలిన్ కింద ఉన్న పాతవాళ్లందరికీ తెలుసు.

విల్మార్ బిళ్ల ఆమె అరచేతిలో పెట్టి చెంపకి ముద్దుపెట్టాడు. ఎవరో తాళంచెవి ఇచ్చారు. ఎవరో గిటారు అందుకున్నారు. ఒల్గా వచ్చి గరిటె తీసుకోబోతే సెల్వా ఇవ్వలేదు. మూకుట్లో ఉన్న నాలుగూ తిప్పి, వాయి తీసి, పంచదార చల్లి, వార్తాపత్రికలో చుట్టింది. ఆ పొట్లం తీసుకుని నిబియా దగ్గరికి వచ్చింది.

"మీ అమ్మకి," అంది. "వేడి తగ్గకముందే తీసుకెళ్లు. పళ్లు లేకపోతే మాతేలో ముంచి పెట్టు."

నిబియా పొట్లం అందుకుంది. కాగితంలోంచి నూనె అరచేతికి తగిలింది.

"బాగానే ఉందన్నావు," అంది సెల్వా.

"అన్నాను."

"ఎన్నాళ్లయింది?"

"రెండేళ్లు."

సెల్వా తల ఊపింది. పొయ్యి పొగకి కళ్లు తుడుచుకుంది. ఆమె మొహంలో నిబియా వెతికిన కోపం లేదు. ఉంటే బావుండేది, దానికి జవాబు చెప్పొచ్చు. రోజంతా నిలబడి పనిచేసిన ఆడమనిషి మొహం, అంతే.

"లీబెర్‌కి చెప్తాలే," అంది సెల్వా మామూలుగా. "రూలు మారిందని. రేడియోలో ఆట లేని టైములో చెప్తాను, వింటాడు."

ఆ రోజు సభలో దొరికినన్ని మాటల్లో నిబియాకి ఒక్కటీ ఇప్పుడు దొరకలేదు. "రావే బక్కా, నువ్వూ ఒకటి తిను," అని సెల్వా పొయ్యి వైపు తిరిగింది. ఎవరో పాట ఎత్తుకున్నారు. అక్కడ చెంప చెంప ఆనించి ప్రతి ఒక్కరికీ ముద్దు పెట్టంది ఎవరూ బయల్దేరరు. అది పెద్ద పని, అరగంట పడుతుంది, అయినా ఎవరూ మానరు.

నిబియా తాళంచెవి జేబులో వేసుకుంది. పొట్లం కోటు లోపల దాచుకుని, ఎవరి వైపూ చూడకుండా టార్పాలిన్ అంచు ఎత్తి వానలోకి దిగింది. విల్మార్ ఏదో కేకేశాడు. ఆమె బురదలో తడబడుతూ, ఇసుక గుట్ట చుట్టూ తిరిగి, రోడ్డు వైపు నడిచింది.